కాదనాలంటే ఇక్కడే కాదనండి

గత వారం లైప్‌జిగ్‌లో మా దంతవైద్యురాలు నా చిగురుకూ బుగ్గకూ మధ్య దూదిముక్క ఒకటి ఉంచి, కాసేపు కదలవద్దని చెప్పి పక్క గదిలోకి వెళ్ళింది. ఆ పొడి దూది నోటిలోని తడినంతా పీల్చుకుంటూ నాలుకకు పీచుపీచుగా తగులుతుంటే, ఎదురుగా ఉన్న తెల్లగోడ నా కళ్ళముందు నుంచి జారిపోయింది. ఒక అద్దె హాలు, పులిహోర వాసన, బతుకమ్మ చుట్టూ చప్పట్లు, ఓ మూల బల్ల వెనుక నిలబడి “నోరు తెరువు తల్లీ, ఒక్క నిమిషం” అంటున్న వసుంధరక్క కనిపించారు. డాక్టరు తిరిగి వచ్చి నా కళ్ళలో నీళ్ళు చూసి, నొప్పిగా ఉందా అని అడిగింది. ఉందన్నాను.

నేను ఎం.ఎస్. చదవడానికి నిజామాబాద్ నుంచి ఈ ఊరు వచ్చిన రోజుల్లో జర్మనీకి వచ్చే ప్రతి విమానంలోనూ మనవాళ్ళే ఉండేవారు. గదులు దొరికేవి కావు. దొరికినా, ఆ ఇంటి చిరునామాతో ఊరి కార్యాలయంలో అన్మెల్డుంగ్ చేసుకోవడానికి ఇంటివాళ్ళు ఒప్పుకునేవారు కాదు. ఆ నమోదు లేకపోతే ఇక్కడ మనిషి ఉన్నట్టే కాదు. తెలుగు సంఘంవాళ్ళ వాట్సాప్ గుంపులో నేను పెట్టిన మొర చూసి ఫోన్ చేసినావిడ వసుంధరక్క. విజయనగరం మనిషి. ఆవిడా, భర్త శేఖర్ గారూ బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చి ఇక్కడి ఐటీ కంపెనీల్లో పనిచేసేవారు. “మా తేజ మా దగ్గర పడుకుంటాడులే. ఆ గదిలో నువ్వుండు. ముందు కిందికెళ్ళి పోస్టుడబ్బా మీద నీ పేరు అతికించుకో, లేకపోతే నీకు ఉత్తరాలే రావు” అన్నారు గుమ్మంలోనే. ఆ ఇంట్లో నేను అద్దె గది దొరికేదాకా ఉందామనుకుని, చదువు పూర్తయ్యేదాకా ఉన్నాను.

శేఖర్ గారికి రక్తకాన్సర్ అని తెలిసింది ఆ తరువాతి వేసవిలో. మందులతో తగ్గినట్టే తగ్గింది గాని, మళ్ళీ రాకుండా ఉండాలంటే వేరొకరి మూలకణాలు ఎక్కించాలన్నారు. ఆయనకున్నది ఒక్క అన్న. ఆయనవి సరిపోలేదు. తేజ మరీ చిన్నవాడు. దాతలుగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళలో వెతకాలి, మీ ప్రాంతంవాళ్ళలో దొరికే అవకాశం ఎక్కువ, కాని ఆ జాబితాల్లో మీవాళ్ళు చాలా తక్కువ అని డాక్టరు చెప్పాడట. అక్క ఆ సాయంత్రమే గుంపులన్నిటిలోనూ సందేశం పెట్టారు. నమోదు సంస్థ వాళ్ళు దూదిపుల్లలు ఇంటికే పంపుతారు, బుగ్గ లోపల రుద్ది వెనక్కి పంపితే చాలు అని రాశారు. వారం తిరిగేసరికి దండాలు పెట్టే బొమ్మలతో ఫోను నిండిపోయింది. పుల్లలు తెప్పించుకున్నవాళ్ళు మాత్రం లేరు.

“బొమ్మలు వచ్చాయి రమ్యా, మనుషులు రాలేదు. ఎదురుగా నిలబడి అడగాలి” అన్నారు అక్క.

అలా బతుకమ్మ పండగనాడు సంఘంవాళ్ళ హాలులో బల్ల వేశాం. అక్క పట్టుచీర కట్టుకున్నారు. తినడానికి వరసలో నిలబడ్డ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పేరు అడిగి, ఊరు అడిగి, ఆ తరువాత విషయం చెప్పేవారు. “వెన్నుపూసలోంచి తీస్తారటగా అండీ?” అని భయపడ్డ ఒకాయనకు, ఎక్కువమందికి చేతి నరం నుంచే తీస్తారని, రక్తం ఇచ్చినట్టే కొన్ని గంటలు కూర్చుంటే సరిపోతుందని ఓపికగా వివరించారు. ఆయన తల గోక్కుంటూ ప్లేటు పట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది. అక్క నవ్వి, “భయం ఉన్నవాడు రెండోసారి అడిగితే వింటాడు. మొహమాటం ఉన్నవాడే కష్టం” అన్నారు. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆవిడకూ పూర్తిగా అర్థమయ్యే అన్నారని అనుకోను.

మధ్యాహ్నం సంఘం అధ్యక్షుడు మైకు తీసుకుని, “మన శేఖర్ కోసం అందరూ ఒక్క నిమిషం” అన్నారు. అంతే, బల్ల ముందు వరస కట్టారు. ఆడవాళ్ళు పూలు పెట్టుకున్న తలలు వెనక్కి వాల్చి నోళ్ళు తెరిచారు. కుర్రాళ్ళు ఒకరి వీడియో ఒకరు తీసుకున్నారు. అక్క చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా పుల్లలు అందిస్తూనే ఉన్నారు. ట్రాములో ఇంటికి వస్తూ, “మనవాళ్ళు ఎంత మంచివాళ్ళే!” అన్నారు. అంత ఆనందంగా ఆవిడను నేను మళ్ళీ చూడలేదు.

చలికాలం మొదట్లో ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. పూర్తిగా సరిపోయే దాత ఒకరు దొరికారు. అక్క సేమ్యా పాయసం చేశారు. శేఖర్ గారు రెండు చెంచాలు తిని, “ఎవరో గాని, ఆరోగ్యం బాగయ్యాక వాళ్ళింటికెళ్ళి కాళ్ళమీద పడతాను” అన్నారు. పేరు చెప్పరు, ఇద్దరికీ ఒకరి వివరాలు ఒకరికి తెలియనివ్వరు అని అక్క గుర్తు చేశారు. “అయితే కనిపించిన తెలుగువాళ్ళందరికీ దండం పెడతాను, ఎవరో ఒకరికి తగులుతుంది” అని ఆయన నవ్వారు.

కొద్దిరోజులకు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అక్క ఆఫీసు కోటు కూడా విప్పకుండా వంటగది కుర్చీలో కూర్చుని ఉన్నారు.

“దాత అందుబాటులో లేరటమ్మా.”

“లేరంటే ఏంది అక్కా? ఊరికి పోయిండ్రా?”

“అంతే చెప్పారు. ఇంకేటీ చెప్పరట.”

లోపలి నుంచి తేజ వచ్చాడు. నాన్న తిన్నారా అని అక్క అడిగితే, “పాపా ష్లేఫ్ట్” అన్నాడు జర్మన్‌లో, నాన్న పడుకున్నాడని. అక్క లేచి వాడికి అన్నం కలిపారు. జబ్బు చేసి ఉండవచ్చు, గర్భవతి అయి ఉండవచ్చు, వాళ్ళది ఈ ఊరే కాకపోవచ్చు, అసలు ఈ దేశమే కాకపోవచ్చు అని నేను ఎన్నో చెప్పాను. అన్నిటికీ తలూపారు.

డాక్టర్లు మళ్ళీ వెతకడం మొదలుపెట్టారు. ఈలోగా జబ్బు తిరగబెట్టింది. చెట్లు ఇంకా చిగురించకముందే శేఖర్ గారు పోయారు. అంత్యక్రియలకు హాలు పట్టనంతమంది వచ్చారు. బతుకమ్మనాడు వరసలో నిలబడ్డవాళ్ళలో చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరూ అక్క చేతులు పట్టుకుని ఏడుస్తుంటే, ఆవిడ ఏడవలేదు. ప్రతివాళ్ళ కళ్ళలోకీ తిన్నగా, అవసరమైనదానికంటే ఒక క్షణం ఎక్కువసేపు చూశారు. దుఃఖం అనుకున్నాం అందరం.

ఉగాదికి మళ్ళీ బల్ల వేస్తానంటే ఎవరూ వద్దనలేకపోయారు. కాని ఆ బల్ల దగ్గర అక్క మాట మారిపోయింది. “ఇది ఫలానా మనిషి కోసం కాదు. ఎప్పుడో, ఎవరి కోసమో ఫోన్ వస్తుంది. ఆ రోజు మీ ఇంట్లోవాళ్ళు వద్దంటారు. ఆఫీసులో సెలవు ఇబ్బందవుతుంది. అప్పుడు కూడా వెళ్ళగలరా? కాదనాలంటే ఇక్కడే కాదనండి. నేనేమీ అనుకోను. అక్కడ కాదంటే మాత్రం ఒక ప్రాణం.” పుల్ల కోసం చెయ్యి చాచినవాళ్ళు ఆ చెయ్యి వెనక్కి తీసుకునేవారు. అధ్యక్షుడు పక్కకు పిలిచి, “మీ బాధ మాకు తెలుసమ్మా. కానీ పండగపూట జనాన్ని భయపెడుతున్నారు. ఉన్న నలుగురూ పోతున్నారు” అన్నారు మెల్లగా.

“పోనీండి. ఇప్పుడు పోయేవాళ్ళ వల్ల ఎవరూ చావరు” అన్నారు అక్క.

తరువాతి పండక్కి హాలులో బల్లకు చోటు లేదన్నారు. అక్క వేరే ఊళ్ళకు బయలుదేరారు. సెలవు దొరికినప్పుడల్లా నేనూ వెంట వెళ్ళేదాన్ని. చివరిసారి ష్వైన్‌ఫర్ట్‌లో మన విద్యార్థులు జరుపుకున్న వినాయకచవితికి వెళ్ళాం. కరీంనగర్ అబ్బాయి ఒకడు ఉత్సాహంగా ముందుకొచ్చాడు. అక్క తన ప్రశ్నలన్నీ అడిగారు. అన్నిటికీ సరేనన్నాడు.

“మీ అమ్మ వద్దని ఏడిస్తే?”

ఆ అబ్బాయి చాలాసేపు ఆలోచించాడు. “గట్లైతే ఇయ్యలేనక్కా. అమ్మ ఏడిస్తే నాతోని కాదు.”

అక్క పుల్లను తిరిగి సంచిలో పెట్టి, అతని తలమీద చెయ్యి వేసి, “మంచిది నాన్నా” అన్నారు. తిరుగురైలులో కిటికీ పక్కన కూర్చున్నారు. కోతలు అయిపోయిన పొలాలు పోతున్నాయి.

“ఇన్నాళ్ళకి ఒకడు నిజం చెప్పాడు” అన్నారు. తరువాత నా వైపు తిరగకుండానే, “నేను దాతల కోసం తిరగడం లేదు రమ్యా. ప్రతి మొహంలోనూ, సరిపోయి కూడా రాని ఆ ఒక్క మనిషినే వెతుకుతున్నాను. నాకు పులిహోర వడ్డించే ఆవిడా? మొన్న తేజని ఈతకు తీసుకెళ్ళిన ఆయనా? ఏ అమెరికాలోనో ఉన్నాడేమో, నాకు తెలుసు. అయినా చూస్తాను. దానం అడిగే మనిషి ఇలా చూడకూడదు” అన్నారు.

ఆవిడ చెయ్యి పట్టుకోబోతే, సంచి సర్దుకునే మిషతో వెనక్కి తీసుకున్నారు. నన్ను కూడా ఒక్కసారైనా అలా చూసి ఉంటారని నాకు అప్పుడే తోచింది. ఆ రోజు వరసలో నేనూ నోరు తెరిచాను కదా.

ఆ ఏడాది చివర్లో అక్క జార్‌బ్రూకెన్‌లో ఉద్యోగం చూసుకుని తేజతో వెళ్ళిపోయారు. తెలుగువాళ్ళ పండగలకు రారని విన్నాను. మొదట్లో ఫోన్లు ఎత్తేవారు. ఇప్పుడు ఎత్తరు. నన్ను ఇంతవరకూ దాతగా రమ్మని ఏ సంస్థా పిలవలేదు. పిలిస్తే వెళతానని ఆవిడకు రుజువు చేసే దారి లేదు.

సంఘంలో కొత్తవాళ్ళు వచ్చారు, బల్లకు మళ్ళీ చోటిచ్చారు. దాన్ని నేను చూసుకుంటున్నాను. వచ్చేవాళ్ళు కొద్దిమంది, ప్రశ్నలు విన్నాక మిగిలేవాళ్ళు ఇంకా కొద్దిమంది. మా శ్రమ వల్ల ఎవరైనా బతికారో లేదో నాకు తెలియదు. అక్క మాటల్లో ఒక్కటి కూడా మార్చకుండా అడుగుతాను. అడిగాక మాత్రం, ఎదుటి మనిషి అవుననో కాదనో చెప్పేదాకా తల దించుకుని బల్లమీది గుడ్డ అంచులు సరిచేస్తూ ఉంటాను. అది ఆవిడ నేర్పింది కాదు. ఆవిడ చూపు చూసి నాకు పట్టుకున్న భయం.