తీగ పక్కన దిష్టిబొమ్మ

రెండే ముక్కలు చెప్తా, మీ చాయ్ చల్లారకముందే అయిపోతది. మొన్న మా ఇంటి మీద స్లాబు పోసే రోజు ఊరంతా కరెంటు పోయింది చూడుండ్రి, అది నా వల్లనేనట! అంతే కథ.

కానీ ముందుగాల ఎదురింటి కనకలక్ష్మి సంగతి చెప్పాలె. మేడ మీద మేడ కడుతుంది. కట్టనీ, నాకేంది? ఆ మేడ మీద దిష్టిబొమ్మ పెట్టింది. దానికి ఇస్త్రీ ప్యాంటు, నల్ల కండ్లద్దాలు! వాళ్లాయన పెండ్లినాడు గూడ అంత మంచిగ తయారుకాలే. పైగా ఆ బొమ్మ పొద్దుగాల లేస్తే మా ఇంట్లకే చూస్తది. పెట్టినామె ఎట్లనో బొమ్మ గూడ అట్లనే.

ఇగ మా మేస్త్రి ఓదెలు. బొగ్గుబాయిల దిక్కు కాంట్రాక్టు పనులు చేసి తిరిగొచ్చిండు. కూలీలందరికి హెల్మెట్లు, చేతులకు రబ్బరు తొడుగులు, సిమెంటు బస్తాలు విప్పే ఎల్లవ్వకు ముక్కు మీద మాస్కు. ఎల్లవ్వ దగ్గు బందయింది. మంచిదే. కానీ ఇదివరకు ఆ దగ్గును బట్టే ఆమె ఏ మూలకుందో చెప్పేదాన్ని.

మా ఇంటి పక్క నుంచే పదకొండు కేవీ పెద్ద కరెంటు తీగ పోతది. ఓదెలు ఆ దిక్కు ఎర్ర రిబ్బన్ కట్టి, "లైన్‌మెన్ వచ్చి కరెంటు బంద్ చేసేదాక ఎవ్వరు మీదికి ఎక్కొద్దు" అన్నడు.

"ముట్టుకుంటేనే గదా షాకు?" అని అడిగిన.

"ముట్టుడు అవసరం లేదు వదినే. జర దగ్గరికి పోతే అదే దుంకుతది."

"పిలువకుంటనే వచ్చేటందుకు కరెంటు ఏమన్న కనకలక్ష్మా?"

అందరు నవ్విండ్రు. ఓదెలు నవ్వలే.

స్లాబు రోజు కూలీలంతా కింద చాయ్ తాగుకుంట లైన్‌మెన్ అంజయ్య కోసం చూస్తుండ్రు. అంజయ్య వస్తనన్న టైముకు వచ్చుడు నేనెప్పుడు చూడలే. ఖాళీగ కూర్చుంటే నాకొక ఆలోచన వచ్చింది. కాంక్రీటు పడకముందే మన దిష్టిబొమ్మ లేవాలె, కనకలక్ష్మి బొమ్మ కంటె ఎత్తుగ! కుండ తలకాయ, మా ఆయన పెండ్లి అంగీ, మిగిలిన హెల్మెటు ఒకటి, మాస్కు ఒకటి. నిజం చెప్తున్న, మా ఆయన కంటె హుషారుగ ఉంది. సన్నటి ఇనుప గొట్టానికి కట్టి, వెనక మెట్ల నుంచి మీదికి మోసుకపోయి, పిల్లరు రాడ్లకు చీర పేలికలతోటి కట్టి నిలబెట్టిన.

"వంగుతుంది, వంగుతుంది!" అని కనకలక్ష్మి ఎదురు మేడ మీదికెల్లి ఒర్రింది.

ఓర్వలేక ఒర్రుతుందనుకున్న. చూస్తే నిజంగనే గాలికి బొమ్మ మెల్లగ తీగ దిక్కు ఒరుగుతుంది. సర్దుదామని చెయ్యి చాపిన.

"ముట్టకు! దిగు!" కిందికెల్లి ఓదెలు.

వదినె లేదు, అక్క లేదు! ఊరందరి ముంగట నన్ను "దిగు" అంటడా? కోపం నెత్తికెక్కింది. బొమ్మ సంగతి తర్వాత, ముందు ఈయన సంగతి చూడాలె అని దబదబ మెట్లు దిగిన. జగడానికి దిగిన మనిషిని నేను, పానం కాపాడుకునేటందుకు కాదు.

కాలు మట్టి మీద పెట్టి వెనక్కి మళ్లి చూసిన. గొట్టం తీగ కాడికి పోయింది గాని ఇంకా ముట్టలే. నడుమ సన్నటి సందు ఉంది, సందుల నుంచి ఆకాశం కనబడుతుంది. ఆ సందును దాటి కరెంటు దుంకింది!

తెల్లగ, నీలంగ ఒక వెలుగు. బాంబు పేలినట్టు చప్పుడు. కుండ పలిగింది, అంగీ అంటుకుంది. పిల్లరు రాడ్ల నుంచి స్లాబు కోసం పరిచిన ఇనుప జాలీ దాక నిప్పురవ్వలు చిటపటమంట పాకినయ్, ఊరంతా కరెంటు పోయింది. అంజయ్య టైముకు వచ్చి ఉంటే ఆ జాలీ మీదనే ఎల్లవ్వ, తక్కినోళ్లు అందరు నిలబడేది... లేదు లేదు, అంజయ్య వచ్చి ఉంటే తీగల కరెంటే ఉండకపోవు. ఓదెలు మాట వినకుంటే నిలబడేది, అట్ల అనాలె. అందరు చాయ్ గ్లాసులు పట్టుకొని మట్టి మీద ఉండ్రి. కంటికి కనబడనిది అట్ల ఒక్కసారి కండ్ల ముంగట నిలబడితే, గుళ్లె ఉన్నట్టు నా రెండు చేతులు వాటంతటవే జోడైనయ్.

ఓదెలు ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచిండు. అందరు పలికిండ్రు. అప్పుడు కూలబడ్డడు. "మీదికి పోవద్దు. కరెంటు పోయినట్టే పోయి మళ్ల వస్తది" అన్నడు, మెల్లగ.

అంజయ్య వచ్చి, లైను బంద్ చేసి, తీగల మిగిలిన కరెంటు భూమిలకు పోయేటట్టు ఎర్తింగ్ వేసినంకనే ఓదెలు మెట్లెక్కనిచ్చిండు. మాడిన గొట్టం చూసి, "ఇది ఎవ్వరి తెలివి?" అన్నడు అంజయ్య. అందరు నా దిక్కు చూసిండ్రు. అందరికంటె ముందు మా ఆయన చూసిండు.

మధ్యాహ్నం స్లాబు పడ్డది. ఎవ్వరికీ ఏం కాలే. పొద్దు వంగినంక ఓదెలు వచ్చి అరుగు మీద కూర్చున్నడు. తిడతడనుకున్న.

"వదినే, తీగల కాడ పని నడిస్తే ఎవ్వలు రాడ్డు నిలువుగ లేపుతుండ్రో, ఎవ్వలు మాస్కు తీస్తుండ్రో చూసేటందుకే ఒక మనిషి కావాలె. ఊర్ల ఎవ్వలేం చేస్తుండ్రో నీ అంత చూసేటోళ్లు లేరు."

"సిమెంటు దుమ్ముల మాస్కు పెట్టుకొని ఒర్రుడెట్లనయ్యా?"

"విజిల్ ఇస్త."

సోమవారం నుంచి కూలికి పోతున్న. కనకలక్ష్మి మేడ కాడ, ఆ పని గూడ ఇప్పుడు ఓదెలుదే. పొద్దంత నోటికి మాస్కు కట్టుకొని, ఎవ్వరితోటి మాట్లాడకుంట నిలబడుడే నా పని.