పాలపన్ను మీద బేరం

మా పాపకు ఏడో ఏడు నడుస్తుండగా కింది దవడ పన్ను ఒకటి పుచ్చింది. అశ్వారావుపేటలో పొద్దున్నే బస్సెక్కి ఖమ్మంలో పంటి డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాము. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళు అయి ఉంటుంది. మా ఆయన పామాయిల్ గెలలు తోలే ట్రాక్టర్ నడిపేవాడు. నేను ప్రైవేటు బడిలో టీచరును, జీతం పైకి చెప్పుకుంటే సిగ్గు.

పుచ్చిన గుంత పూడ్చడానికి డాక్టరమ్మ మూడు రకాలు చెప్పింది. తెల్ల సిమెంట్ అన్నిటికంటే చవక, కానీ గుంత పెద్దది కాబట్టి ఎక్కువ కాలం ఆగదు. వెండి పూడిక ధర కొంచెం ఎక్కువ, గట్టిగా ఉంటుంది. పన్ను మొత్తానికి తొడిగే స్టీలు టోపీ అయితే ఆ పన్ను తనంతట తాను ఊడేదాకా కదలదు. టోపీ ధర వినగానే మా ఆయన కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు.

"పాలపన్నే గదా డాక్టరమ్మా, రేపో మాపో ఊడేదానికి గన్ని పైసలెందుకు?" అన్నాడు.

"ఇది పది పదకొండేళ్ళ దాకా ఉండాల్సిన పన్ను. ముందే పోతే పక్క పళ్ళు జరిగి, తర్వాత వచ్చే పన్నుకు చోటుండదు" అందామె.

ఆమె చెప్పేది నిజమని నాకు తెలుసు. అయినా సిమెంటే పెట్టించాము. తిరుగు బస్సులో సత్తుపల్లి దాకా మా ఇద్దరికీ ఒకటే గొడవ. నీ చెవి కమ్మలు అమ్ముదామా అని ఆయన, నువ్వు కాల్చే సిగరెట్లు మానితే టోపీ వచ్చేదని నేను. పాప మా మధ్య కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. వింటోందని మాకు తోచనేలేదు.

అసలు ఆ పన్ను పుచ్చడంలో నా పాపం ఉంది. ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేది నేనే. వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పిన వాళ్ళకు ఒక బంక చాక్లెట్ ఇవ్వడం మా చర్చిలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అందరికంటే ఎక్కువ వాక్యాలు మా పాపే చెప్పేది. నేను మురిసిపోయి ఇంకొకటి చేతిలో పెట్టేదాన్ని. సిమెంట్ పెట్టించాక కూడా మానలేదు. నా తెలివి అట్లా ఏడ్చింది!

నాలుగు నెలలకు, ఒకరోజు పొద్దున పాప లేచేసరికి బుగ్గ ఉబ్బి దవడ కింద దాకా గట్టిపడింది. ఒళ్ళు కాలిపోతోంది. పక్కింటామె చూసి, "వాపు గొంతులకు దిగితే కష్టం, జల్దీ తీస్కపో" అంది. మా ఆయన ట్రాక్టర్ వదిలేసి మాతో బస్సెక్కాడు. బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవర్‌ను కసిగా తిట్టుకున్నాను. నొప్పి ఎప్పటినుంచే అంటే పాప కిటికీ వైపు తిరిగింది. నోరు చూపించమంటే పెదవులు బిగించింది.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. మేము పెట్టించిన సిమెంట్ లేదు. సన్నటి కొక్కెంతో గుంతలోంచి తెల్లటి ముద్ద ఒకటి తీసి, వేళ్ళతో నలిపింది.

"ఇదేంటమ్మా, మైనంలా ఉంది?"

పాప వాళ్ళ నాన్నను చూసింది, నన్ను చూసింది.

"కొవ్వొత్తిది. సిమెంట్ ఊడింది, గందుకే నేనే పెట్టుకుంటున్న. మళ్ళ ఊడితే మళ్ళ పెట్టుకోవచ్చు. మమ్మీ డాడీ లొల్లి పెట్టుకోరు."

ఎప్పటినుంచి అంటే, దసరా సెలవుల నుంచి! అన్ని రోజులు నా బిడ్డ ఒక పక్కనే నమిలి తింటుంటే, ఎదురుగా కూర్చుని అన్నం పెట్టేదాన్ని, నాకు కనిపించలేదు. చచ్చేంత సిగ్గేసింది. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"టోపీ పెట్టండి డాక్టరమ్మా, ఎంతైనా సరే" అన్నాను.

"ఇప్పుడు లాభం లేదమ్మా. వేరు దాకా చీము పట్టింది. ఈరోజే తీసెయ్యాలి."

ఆమె సూది సిద్ధం చేసింది. పాప సూది వంక చూడనే లేదు. నోరు తెరవమంటే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"తీసుడుకు ఎంతయితది డాక్టరమ్మా? ముందు మా డాడీకి చెప్పుండ్రి" అంది.