మేనేజరుగారి చేపకి దిష్టి తీశాం

నవ్వనంటేనే చెప్తాను. మొన్నామధ్య మా ఇంటిల్లిపాదీ ఒక చేప చుట్టూ కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాం. ఆ ఏడుపు నా కొంప ముంచింది!

మీకు తెలుసుగా, మా బ్యాంకులో ట్రాన్స్‌ఫర్ల లిస్టు వస్తోందనీ, అందులో నా పేరు మార్కాపురానికి ఉందనీ ఒకటే గోల. మా ఆవిడ సుగుణకేమో నల్లపాడు బళ్ళో టీచరుద్యోగం. నేను మార్కాపురం వెళ్తే కాపురం రెండు ముక్కలు. మా మేనేజరుగారు హెడ్డాఫీసులో ఒక్క మాట చెప్తే ఆగిపోతుంది. ఎలా అడగాలా అని నేను తంటాలు పడుతుంటే ఆయనే పిలిచారు.

"రత్నంగారూ, బావమరిది పెళ్ళికి వెళ్తున్నాం. నాలుగు రోజులు మా ఆస్కార్‌ని చూసుకుంటారా?"

ఆస్కార్ అంటే ఆయన మద్రాసు నుంచి తెప్పించిన చేప. ఎక్కడో అమెజాన్ నదిలో పుట్టే జాతిట. జానెడుంటుంది. నల్లటి ఒంటి మీద నిప్పురవ్వల్లాంటి మచ్చలు. బతికున్న చిన్న చేపల్ని గుటుక్కున మింగేస్తుంది. అంత రాక్షసికి మనసు మాత్రం మహా సున్నితం!

"రాళ్ళు జరపొద్దు, అలుగుతుంది. గట్టిగా మాట్లాడొద్దు, బెదురుతుంది. చాలా సెన్సిటివ్ అండీ" అన్నారాయన.

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండి సార్" అన్నాను. మార్కాపురం సంగతి కూడా మెల్లగా చెవిన వేశాను. "రాగానే హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తాను" అన్నారు.

అద్దాల తొట్టి ఒక రిక్షాలో, చేప బిందెలో, బిందె నా ఒళ్ళో. అలా ఊరేగింపుగా ఇంటికి చేరాం. వీధిలో టీవీ ఉన్న ఒక్క ఇంట్లో వాళ్ళు కూడా టీవీ కట్టేసి వచ్చి దీన్ని చూశారంటే చూసుకోండి!

మర్నాటికి చేప అడుగున పక్కకి వాలి పడుకుంది. ఎర్రలు, అదే వానపాములు, వేస్తే చూడదు. బతికున్న చేపపిల్లల్ని వదిలితే అవి దీని ముక్కు మీద ఆడుకుంటున్నాయి! ఇల్లు మారినందుకు అలిగిందని నాకేం తెలుసు? చచ్చిపోతోందనుకున్నాను. నాకు అన్నం సయించలేదు. మూడో రోజు కూడా అంతే.

"ఒరేయ్ రత్నం, వీధి వీధంతా వచ్చి చూసిపోయారు, దిష్టి తగలదా?" అంది అమ్మ. ఆవిడ ఆదివారం చర్చి మానదు, వీధిలో పిల్లలకి దిష్టి తీయడమూ మానదు. రెండోది పాస్టరుగారికి చెప్పదంతే.

"చేపకి దిష్టేంటమ్మా!"

"నీకు ఇక్కడే ఉద్యోగం కావాలా, వద్దా?"

కావాలి. నాలుగో రోజు ఆదివారం. మధ్యాహ్నం సరేనన్నాను. అదీ నా తెలివి!

అమ్మ గుప్పెడు ఉప్పూ, ఎండుమిరపకాయలూ తీసుకుంది. కూరలో వేసుకునే తాలుకాయలు కావు. మా పెదనాన్న చేలో పండిన మేలురకం! తొట్టి ముందు మూడుసార్లు తిప్పింది. వాటిని నిప్పుల్లో వేస్తే ఘాటు రాకూడదు. రాకపోతే దిష్టి ఉన్నట్టు, పోయినట్టు. కుంపటి పెరట్లో పెట్టమన్నాను. "అంత దూరాన వేస్తే దీనికేం పనిచేస్తుందిరా?" అని తొట్టి బల్ల కిందే పెట్టించింది.

ఆ బల్ల కింద ఇంకోటి కూడా ఉంది. గాలి మోటారు. గదిలో గాలి పీల్చి, గొట్టంలోంచి నీళ్ళలోకి బుడగలు వదులుతుంది. దాని మాట ఒక్కరికీ గుర్తు రాలేదు!

మిరపకాయలు నిప్పుల్లో పడ్డాయి. ఘాటొచ్చింది... అబ్బ, అలా ఇలా కాదు! ముగ్గురం దగ్గు. కళ్ళు కనపడవు. "దిష్టి... దిష్టి లేదురా!" అంటోంది అమ్మ, దగ్గుతూనే. మోటారు మాత్రం దగ్గకుండా ఆ ఘాటంతా పీల్చి చేపకి పంపిస్తోంది.

మూడు రోజులుగా కదలని చేప ఒక్కసారి లేచింది. గిర్రున రెండు చుట్లు తిరిగింది. పైనున్న రేకు మూత ఎగరగొట్టి ధబేల్మని నేల మీద పడింది!

"పట్టుకోండీ!" అని సుగుణ కేక. పట్టుకున్నాను. అమ్మ కాలు. మళ్ళీ పట్టుకున్నాను. కుంపటి! చివరికి తడి తువ్వాలు విసిరితే దొరికింది.

"తొట్టిలో వేయకండి, ఆ నీళ్ళు కారం!" అంది సుగుణ. బావి నీళ్ళ బకెట్లో వేశాను. అది మళ్ళీ పక్కకి వాలింది. అయిపోయింది, మార్కాపురం ఖాయం అనుకున్నాను. బకెట్ చుట్టూ చతికిలబడ్డాం. ముగ్గురికీ కళ్ళూ ముక్కూ ఏకధార.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మేనేజరుగారు!

బకెట్ చూశారు. మమ్మల్ని చూశారు. గదిలో అడుగుపెట్టగానే ఆయన కళ్ళల్లోనూ నీళ్ళు. ఆప్యాయత అనుకున్నారు పాపం.

"రత్నంగారూ! నా భార్య కూడా దీని కోసం ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదండీ!" అని నన్ను కావలించుకున్నారు. ఆయన గొంతు వినగానే ఆ దొంగముండ లేచి తోకాడించింది!

నిజం చెప్పాలని నోరు తెరిచాను. దగ్గొచ్చింది. "ఊరుకోండి, ఊరుకోండి" అని వీపు నిమిరారు. ఊరుకున్నాను.

పది రోజులకి నన్ను గదిలోకి పిలిచారు. మొహం వెలిగిపోతోంది.

"హెడ్డాఫీసుకి ఫోన్ చేశాను. లిస్టులో మీ పేరు కొట్టేశారు."

"థాంక్యూ సార్!"

"వినండి. మార్కాపురం నాకే వేశారు. అక్కడ నా ఆస్కార్‌ని మీలాగా ఎవరు చూస్తారు? పట్టుబట్టి మీ పేరు మళ్ళీ రాయించాను!"

ఇప్పుడు మార్కాపురంలో ఆయన ఇంటి వెనక గదిలో ఉంటున్నాను. సుగుణ నల్లపాడులో ఉంది. పొద్దున్నే లేచి ఎర్రలు తవ్వుతున్నాను. ఎవర్ననుకుని ఏం లాభం? అంత బాగా ఏడవమని నాకెవరు చెప్పారు!