అల్లం మురబ్బాతో మానేసినవాడు

ఎం.ఎ. మొదటి ఏడాదిలో ఎత్తుకున్న బరువు ఇది. పీహెచ్‌డీలోకి వచ్చాక కూడా దించలేదు. ఇవాళ దించాను. గంట కూడా కాలేదు. ఒంట్లో ఏదో పరుగులు పెడుతోంది, కూర్చోలేక నిలబడి రాస్తున్నాను.

బరువు అన్నానని మరీ గంభీరంగా ఊహించుకోకండి. తాగుడు దాచేవాళ్ళు మీకు తెలుసు. యాలకులు నములుతారు, అమ్మతో ఫోన్లోనే మాట్లాడతారు. నేను దాచింది దానికి తలకిందులు. నేను తాగను. ఎప్పుడూ తాగలేదు. కల్లు కూడా ఎరగను. ఈ నిజం బయటపడితే తలెత్తుకోలేనని ఇన్నేళ్ళు వణికాను.

నవ్వొచ్చిందా? నాకూ వచ్చేది. గొడవంతా అక్కడే ఉంది.

తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైన రెండు అంతస్తులున్నాయి. శనివారం సాయంత్రాలు పై అంతస్తులో ఎవరైనా మైకు పట్టుకుని జనాన్ని నవ్వించుకోవచ్చు. నేను పేరిచ్చాను. తాగుడు మానేసిన ఒక మనిషి తన కథ తానే చెప్పుకునే ముక్క ఒకటి రాసుకుని, హాస్టల్ అద్దం ముందు వారమంతా సాధన చేశాను. ఆ సాయంత్రం మెట్లెక్కాను. ఒక అంతస్తు తక్కువ ఎక్కాను. అంతే. నా పతనానికి ఇంతకంటే ఘనమైన కారణం లేనందుకు క్షమించండి.

గదిలో గుండ్రంగా కుర్చీలు, మనుషులు, చాయ్. మైకు లేదు. కొత్త పద్ధతేమో అనుకున్నాను. మేరీ అక్క ఎదురొచ్చింది. మా క్యాంపస్‌లోనే ల్యాబులో పనిచేస్తుందని తర్వాత తెలిసింది. మొదటిసారా బాబూ అంది. అవునన్నాను. భయపడకు, ఇక్కడ అందరం ఆ బాపతే, నీకేం వచ్చో చెప్పు అంది. నవ్విస్తానన్నాను. అయితే కానీ అంది.

కానిచ్చాను. మందు నన్ను ఎన్ని మురిక్కాలవల్లో పడేసిందో, చివరికి ఎలా ఒక్క దెబ్బకి మానేశానో చెప్పాను. గది తలుపేసుకుని, ఎదురుగా అల్లం మురబ్బా పొట్లం పెట్టుకుని, తాగాలనిపించినప్పుడల్లా ఒక ముక్క చప్పరించానని, బయటికొచ్చేసరికి మందు వదిలింది గానీ మురబ్బా పట్టుకుందని చెప్పాను. జనం పడి పడి నవ్వారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. జోకులకు ఏడ్చే ప్రేక్షకులు ఎవరికి దొరుకుతారు? పక్కాయన లేచి నన్ను కావలించుకుని, "మనోడే" అన్నాడు. అప్పుడు అర్థమైంది నేనెక్కడున్నానో.

ఆ గదిలో డాక్టర్లు లేరు. అందరూ మత్తులో మునిగి తేలినవాళ్ళు, తేలుతున్నవాళ్ళు, మానడానికి ఒకరికొకరు ఆసరాగా ప్రతి శనివారం కలుస్తారు. అక్క ఒకప్పుడు నిద్రమాత్రలకు బానిస. నువ్వేం పోగొట్టుకున్నావని అక్కడ ఎవరూ అడగరు, ఆ ప్రశ్న ఇంట్లో రోజూ ఉంటుంది కాబట్టి. నీకేం వచ్చు అని అడుగుతారు. వచ్చినదాన్ని పట్టుకునే మనిషిని పైకి లాగుతారు. వంట వచ్చినామె వచ్చిన రోజునే అందరికీ ఉప్మా చేసింది. ఏమీ రాదని తల దించుకున్నవాళ్ళను మాత్రం, ఏదో ఒకటి దొరికేదాకా అక్క వదిలేది కాదు.

మనవాళ్ళు ఒకణ్ణి మనోడు అనాలంటే ముందు జిల్లా అడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు, ఆ తర్వాత అసలు సంగతి అడగకుండానే కనుక్కుంటారు. నన్ను ఏమీ అడగకుండా మనోడన్న చోటు అదొక్కటే. ఎలా వదులుకోవాలి? మెట్లు తప్పానని ఆ క్షణమే చెప్పి ఉండొచ్చు. వచ్చే శనివారం చెప్దామనుకున్నాను. ఆ శనివారం ఇంకో జోకు చేర్చాను.

అక్కడే సైలన్న పరిచయమయ్యాడు. మా క్యాంపస్‌లో చరిత్ర పరిశోధకుడు. పత్తిచేలోంచి యూనివర్సిటీకి వచ్చినవాడు, పొద్దున్నే మొదలుపెట్టి రోజంతా తాగేవాడు. నీకేం వచ్చంటే ఏం రాదన్నాడు. అక్క తవ్వగా తవ్వగా, "జూనియర్లకు పాఠం జెప్త అక్కా. తాగినా తప్పు జెప్పలే," అన్నాడు. ఇంకేం, అక్క అతనికి అదే పని అప్పజెప్పింది. ఆ వారం సైలన్న మొహంలో వెలుగు మీరు చూడాల్సింది.

రోజూ తాగేవాళ్ళు ఉన్నపళంగా మానకూడదని, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలని, లేకపోతే ప్రాణం మీదికి రావొచ్చని అక్క ప్రతివారం చెప్పేది. నా కథ అంతకంటే బాగుండేది. సైలన్న మురబ్బా కొనుక్కుని హాస్టల్ గది తలుపేసుకున్నాడు. ఫిట్స్ వచ్చాయి. పక్కగదివాళ్ళు తలుపు విరగ్గొట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతికాడు.

నేను చూడ్డానికి వెళ్ళాను. ఇక్కడిదాకా నాది పొరపాటు అనుకున్నా, ఇక మీద చెప్పేదానికి ఆ పేరు చెల్లదు.

"నువ్వెట్ల ఆగినవ్ రా తమ్మీ?" అన్నాడు. ఫిట్స్‌లో కొరుక్కున్న పెదవి వాచి ఉంది.

"అట్లనే అన్నా. జర వణుకొచ్చింది."

"ఫిట్స్ రాలే?"

"రాలే."

"మరి నాకెందుకొచ్చినయ్?"

"ఒక్కొక్కల ఒళ్ళు ఒక్కో తీరు ఉంటది అన్నా."

"ఒళ్ళు గాదు రా. గుండె. నీకున్నది, నాకు లేదు. గంతే."

"లే అన్నా, నువ్ నకిలీ మురబ్బా కొన్నవ్."

నవ్వాడు. చేతికి సెలైన్ సూదితో, నొప్పిగా, పూర్తిగా నవ్వాడు. నేను బయటికొచ్చి, పాపం కాసేపు నవ్వించాను కదా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా, లేక ఆ మనిషికి మిగిలిన ఒక్క గట్టి నమ్మకాన్ని, తన మీద తనకున్నదాన్ని, నా చేత్తోనే పీకేసి ఆ చోట ఒక జోకు పెట్టి వచ్చానని తెలిసే మెట్రో ఎక్కి కిటికీలో నా మొహం నేను చూసుకోకుండా కూర్చున్నానా? తెలిసే.

సైలన్న తర్వాత డాక్టరు సాయంతో మానేశాడు. ఇప్పుడు ఆ గదిలో కొత్తవాళ్ళను చూసుకునేది అతనే. కానీ తన గురించి చెప్పిన ప్రతిసారీ నన్ను చూపించేవాడు. "దవాఖాన మందులతోని మానిన నేను. మావోనిది అసలు గుండె." నేను వినయంగా తల వంచేవాణ్ణి. అది కూడా నటనే, బాగా కుదిరేది.

ఇవాళ గోల్నాక నుంచి నరేష్ అనే కుర్రాడు వచ్చాడు. పొద్దున లేస్తే చేతికి గ్లాసు కావాలి. సైలన్న తన కథ, నా కథ రెండూ చెప్పాడు. నరేష్ నావైపు తిరిగి, "అన్నా, నేను గూడ మీ తీరే. రేపట్నుంచి తలుపేసుకుంట," అన్నాడు.

నేనెప్పుడూ తాగలేదన్నాను.

గది గొల్లుమంది. మళ్ళీ అన్నాను. ఇంకా నవ్వారు, ఎవరో చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళ పేరు మరి, ఊరికే పోతుందా? పై అంతస్తుకు వెళ్ళబోయి ఇక్కడికొచ్చానని, మురబ్బా నేను కల్పించిందని, ఆసుపత్రిలో సైలన్నకు చెప్పింది కూడా అబద్ధమని, ఒక్కొక్క మాటా ఆపి ఆపి చెప్పాను. ముందు సైలన్న నవ్వు ఆగింది. తర్వాత మిగతా గది ఆగింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఎగిరి గంతేయాలనిపించింది.

సైలన్న నావైపు చూడలేదు. నరేష్ భుజం తట్టి, "లే, దవాఖానకు వోదాం," అన్నాడు. ఇద్దరూ దిగి వెళ్ళారు. కిటికీలోంచి చూశాను, ఆటో ఎక్కారు. ముందు ఆ కుర్రాణ్ణి ఎక్కించి, తర్వాత తానెక్కాడు. నరేష్ ఇక తలుపేసుకోడు. సైలన్న మళ్ళీ నాతో మాట్లాడతాడో లేదో తెలియదు. అడిగే మొహం కూడా లేదు.

మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళారు. నన్ను తిట్టినవాళ్ళు లేరు, భుజం తట్టినవాళ్ళూ లేరు. అక్క కుర్చీలు మడతపెడుతోంది. నేనూ అందుకుని మడతపెట్టాను. వద్దనలేదు. ఉండమని కూడా అనలేదు. ఒక జోకు నాలుక చివరిదాకా వచ్చింది. మంచి జోకే. మింగేశాను.

మీకూ చెప్పను.