గింజ ఆరింది, పన్ను విరిగింది

నా ముందు పన్ను గురించి ఒక ఊరు ఊరంతా కూర్చుని మీటింగ్ పెట్టిందంటే నమ్ముతారా? పెట్టింది! నవ్వకండి, ముందు వినండి. ఆ మీటింగ్‌లో తేల్చిన సంగతే ఇప్పుడు నా నోట్లో ఉంది. అది కాదు అసలు గొడవ. ఆ తర్వాత మొన్న నేను చేసిన వెధవ పని ఉంది చూడండి, చెప్పాలంటేనే సిగ్గేస్తోంది. అయినా చెప్పేస్తాను. మీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను?

నా ఉద్యోగం తెలుసుగా. అరకులో కాఫీ ఆఫీసు, ఫీల్డ్ అసిస్టెంట్. డుంబ్రిగుడ వైపు కొండ ఊళ్ళు నా వంతు. డిసెంబరు వచ్చిందంటే రైతులు కాఫీ పళ్ళు కోసి, తొక్క తీసి, కడిగి, గింజలు కళ్ళంలో ఆరబోస్తారు. సరిగ్గా ఆరాయో లేదో నేను చూసి సరే అంటేగాని మూటలు కట్టరు. తడి చూసే మీటరు ఒకటి ఆఫీసులో ఉంది. నేను జాయినైన నాటి నుంచీ అది రిపేరులోనే ఉంది. అందుకని ఇక్కడ అందరూ చేసేదే నేనూ చేస్తాను. గింజ పంటి కింద పెట్టి కొరకడం! తడి ఉంటే పన్ను మెత్తగా దిగుతుంది. ఆరితే టక్కుమంటుంది. అంతే సైన్సు.

అందరూ దవడ పంటితో కొరుకుతారు. నేను మాత్రం ముందు పంటితో. ఎందుకూ? స్టైలు! కళ్ళం మధ్యలో నిలబడి, గింజ రెండు వేళ్ళతో ఎత్తిపట్టి, చుట్టూ ఒకసారి చూసి, అప్పుడు ముందు పళ్ళ మధ్య పెడతాను. అందరూ పని ఆపి నా నోటికేసి చూస్తారు. రోజు మొత్తంలో నలుగురు మనుషులు నాకేసి చూసేది ఆ ఒక్క నిమిషమే. దాన్ని ఊరికే పోనిస్తానా?

సాయంత్రం ఐదింటికి ఆఫీసుకి తాళం వేశాక ఇక నా బతుకు రెండు గదుల క్వార్టరు, ఒక రేడియో, కిటికీ బయట మంచు. అమ్మ పోయి రెండేళ్ళు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆదివారం ఎస్టీడీ బూత్‌కి వెళ్ళే పనైనా ఉండేది. సంబంధాలంటారా, ‘అరకా? బాబోయ్, ఆ కొండల్లోనా?’ అని కొన్ని తప్పిపోయాయి. తర్వాత నాకు నలభై దాటేసరికి చూసేవాళ్ళే మానేశారు. శనివారం సాయంత్రం మూసిన నోరు మళ్ళీ సోమవారం పొద్దున్నే తెరవడం. ఆ మొదటి మాట ఎంత బొంగురుగా వస్తుందో, నాకే భయమేస్తుంది.

సరే, పన్ను సంగతి. గెడ్డగూడలో బుదరి అని ఒకావిడ ఉంది. యాభై ఏళ్ళుంటాయి, మహా గట్టి మనిషి. ఆ రోజు వాళ్ళ కళ్ళంలో గింజలు చూడ్డానికి వెళ్ళాను. బుదరి, వాళ్ళ అత్త గుమ్మ, ఇంకా ఓ పదిమంది ఉన్నారు. ఇంత జనమా! ఇంకేం, రెచ్చిపోయాను. కళ్ళం మధ్యలో నిలబడి, గింజ తీసి, దానికేసి చూడనైనా చూడకుండా పళ్ళ మధ్య పెట్టి గట్టిగా కొరికాను.

టక్!

“ఆరింది!” అని అరిచాను. “బ్రహ్మాండంగా ఆరింది. కట్టెయ్యండి మూటలు!”

ఎవరూ కదల్లేదు. బుదరి నా మొహంలోకి వంగి చూసింది. “సారూ, ఆరింది సరే. నోట్లో ఆ నెత్తురేటి?”

నాలుకతో తడిమి చూసుకున్నాను. కుడివైపు ముందు పన్ను సగం లేదు! నేను కొరికింది గింజ కాదు, గింజంత గులకరాయి. విరిగిన ముక్క ఆ ఆరబోసిన గింజల్లో ఎక్కడో పడింది.

ఇక చూడండి నా సామిరంగా! ఊరంతా కళ్ళం చుట్టూ వంగింది నా పన్ను ముక్క కోసం. పొట్టుతో ఉన్న కాఫీ గింజ రంగు తెలుసుగా? లేత పసుపు. నా పంటి రంగూ అదే! రెండు నిమిషాలకోసారి ఎవరో ఒకరు “దొరికిందొరే!” అనడం, పరిగెత్తుకెళ్ళి చూస్తే గింజ. గుమ్మ ముసలమ్మ అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. ఆవిడ ఆ చుట్ట బయటికి తీసి మరీ అంది, “నా పళ్ళు పోయి ఇరవయ్యేళ్ళయినాది నాయినా. ఒక్కదాన్నీ ఎతకలేదు. ఏటైపోయింది నాకు?”

దొరకలేదండీ. మూటల్లోకి వెళ్ళిపోయింది. ఏ ఊళ్ళో ఏ మహానుభావుడు నన్ను ఫిల్టరు వేసుకుని తాగాడో!

మర్నాడు సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాను. ఎవరో తలుపు కొట్టారు. నా తలుపు ఎవరు కొడతారండీ? కరెంటు బిల్లువాడు కూడా గుమ్మంలో పడేసి పోతాడు. తీసి చూస్తే బుదరి, చేతిలో స్టీలు గిన్నె.

“ఎవరు కావాలి?” అన్నాను. అలవాటు లేక అలా వచ్చేసింది.

“నువ్వే! ఇంకెవరున్నారు ఇక్కడ?” అని గిన్నె చేతిలో పెట్టింది. “చోడి అంబలి. గట్టియి తినలేవు కదా. మా కళ్ళంలో ఇరిగింది కాబట్టి నయమయ్యేదాకా మాదే పూచీ.”

చోడి అంటే రాగులే లెండి. పూచీ అన్నది మాత్రం ఊరికే అన్న మాట కాదు. రోజూ ఎవరో ఒకరు కొండ దిగి ఏదో పనికి వస్తారు కదా, వాళ్ళ చేతికి బుదరి అంబలి గిన్నె ఇచ్చి పంపేది. వచ్చినవాళ్ళు గిన్నె పెట్టి వెళ్ళిపోతారా? “ఏదీ సారు, ఓపాలి పన్ను సూపించు!” అని అడిగి, చూసి, విరగబడి నవ్వి, అప్పుడు అరుగు మీద కూర్చునేవారు. వాళ్ళ మేక ఈనింది, వీళ్ళ గుంట, అదే పిల్ల, హాస్టల్లో చేరింది, మిరియాల తీగకి తెగులొచ్చింది, అన్నీ చెప్పేవారు. నేనూ చెప్పేవాణ్ణి. సంత రోజైతే సగం గెడ్డగూడ నా అరుగు మీదే! కావిళ్ళు దించుకుని, నీళ్ళు తాగి, నా పన్ను చూసి, అప్పుడు సంతలోకి. పదకొండు రోజులండీ. నిజం చెప్తున్నాను, అమ్మ పోయాక అంత బాగున్న రోజులు నాకు లేవు.

కానీ ఆఫీసులో మా ఆఫీసరుగారు ఊరుకోరు కదా. “ముందు ఆ నోరు బాగుచేయించుకోవయ్యా, చూడలేకపోతున్నాం” అన్నారు. కిరండూల్ పాసింజర్ ఎక్కి వైజాగ్ వెళ్ళాను.

పళ్ళ డాక్టరమ్మ చిన్న వయసావిడ, ఓపిగ్గా చెప్పింది. రెండు దారులున్నాయట. ఒకటి బాండింగ్. పంటి రంగు పేస్టు విరిగినచోట పొరలు పొరలుగా పెట్టి, నీలం లైటు కొట్టి గట్టిపరుస్తారు. ఒక్క పూటలో అయిపోతుంది. కాకపోతే టీ కాఫీలకి మరక పడుతుంది, కొన్నేళ్ళకి అంచు విరగొచ్చు, మళ్ళీ పెట్టించుకోవాలి. రెండోది వీనీర్. పింగాణీతో పల్చటి రేకులాంటిది చేయించి పంటి ముందువైపు అతికిస్తారు. మరక పట్టదు, మెరుస్తుంది, ఎక్కువ కాలం ఉంటుంది. కాకపోతే దానికోసం పంటి పైపొర కొంచెం అరగదీయాలి.

“అరగదీసింది మళ్ళీ రాదండీ. అందుకని ఆలోచించుకోండి,” అంది. “కాఫీ ఎక్కువ తాగుతారా?”

“నా ఉద్యోగమే కాఫీ అమ్మా.”

“అయితే కొంచెం కష్టమే. సరే, తొందరేం లేదు. ఇంట్లోవాళ్ళని అడిగి వచ్చే వారం చెప్పండి.”

ఇంట్లోవాళ్ళని! ఆవిడ మామూలుగా అంది పాపం. తిరుగు రైల్లో సొరంగాలన్నీ దాటేదాకా అదే మాట. ఇంట్లో ఎవర్ని అడగను, రేడియోనా? మర్నాడు పొద్దున్నే కాళ్ళు వాటంతటవే గెడ్డగూడ దారి పట్టాయి.

అలా జరిగింది మీటింగ్! బుదరి వాకిట్లో చాప వేసి కూర్చోబెట్టారు. నేను లెక్చర్ మొదలెట్టాను. బాండింగ్ అంటే ఇది, వీనీర్ అంటే ఇది. పేర్లు వాళ్ళకెందుకు, సంగతి బుదరి చటుక్కున పట్టేసింది.

“అంటే ఒకటేమో పెచ్చు ఊడిన గోడకి మట్టి మెత్తడం. రెండోదేమో గోడ సెక్కేసి పైన పలక అతికించడం. అంతేనా?”

“అంతే!” అన్నాను. డాక్టరమ్మ అరగంట చెప్పింది, ఈవిడ అరనిమిషంలో తేల్చేసింది.

“పలకే బాగుంటాది,” అన్నాడొకాయన. “సారు కదా, మెరవాల.”

“మెరిత్తాది. రేపు పలక ఊడితే? గోడ సెక్కేసినావు కదా, ఏటి మిగిలింది?” బుదరి ఒప్పుకోలేదు. “మట్టైతే పోయినప్పుడల్లా మెత్తుకోవచ్చు. మేం పండగ పండక్కీ గోడలు మెత్తుకోమా? ఎప్పుడైనా ఏడిసినామా?”

గుమ్మ ముసలమ్మకి ఈ రెండూ నచ్చలేదు. “మిగిలింది కూడా పీకించీ నాయినా, పీడా పోద్ది,” అంది. ఆ ఒక్కటీ వీగిపోయింది. చేతులెత్తించి మరీ లెక్కపెట్టారు. బాండింగ్ గెలిచింది!

తర్వాతి వారం వెళ్ళి బాండింగే చేయించుకున్నాను. నోట్లో ఏవేవో పెట్టి, డాక్టరమ్మ “ఇంతకీ ఇంట్లో ఏమన్నారండీ?” అంది. జవాబు చెప్పడానికి నోరు ఖాళీ లేదు. అదీ ఒకందుకు మంచిదే అయింది. అయిపోయాక అద్దం ఇచ్చింది. ఏది సొంతం, ఏది పెట్టుడు నాకే తెలియలేదు. “ఒకటి గుర్తుంచుకోండి, పన్ను తినడానికి. గింజలు కొరకడానికి కాదు. దవడ పంటితోనూ వద్దు!” అని గట్టిగా చెప్పి పంపింది.

గెడ్డగూడ వెళ్ళి ఇకిలించి అందరికీ చూపించాను. అందరూ వంతులవారీగా నోట్లోకి చూశారు. “బాగా మెత్తింది,” అన్నారు. బుదరి “ఇంకేటి, నయమైపోనాది. ఇక ఏదైనా తినొచ్చు!” అంది.

ఏదైనా తినొచ్చు. కాబట్టి అంబలి ఆగిపోయింది.

వాళ్ళ తప్పేముందండీ? పన్ను విరిగింది, పూచీ పడ్డారు. పన్ను అతుక్కుంది, పూచీ తీరింది. మర్నాడు తలుపు చప్పుడు కాలేదు. ఆ మర్నాడూ లేదు. సంత రోజు అరుగు తుడిచి, కడవ నిండా నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. కావిళ్ళు రోడ్డు మీద బేగి బేగి వెళ్ళిపోయాయి. ఒకాయన చెయ్యి ఊపాడు. అంతే. ఆ శనివారం సాయంత్రం నోరు మూస్తే సోమవారం దాకా తెరవలేదు. అంత మంచి పన్ను నోట్లో పెట్టుకుని చూపించుకునే దిక్కు లేదు. ఏడుపొచ్చింది. నలభై ఒక్క ఏళ్ళవాణ్ణి, ఏడ్చాను కూడా.

ఇక మొన్నటి ఘనకార్యం. బుదరి కళ్ళంలో ఆఖరి కోత గింజలు. మామూలుగా వెళ్ళాను. మధ్యలో నిలబడ్డాను. గింజ తీసి, తెలిసి తెలిసి ఆ కొత్త పన్ను కిందే పెట్టి కొరికాను. టక్. గింజ రెండు ముక్కలు! పన్ను మాత్రం నిక్షేపంలా ఉంది. ఇంకోటి తీశాను. ఈసారి ఇంకా గట్టిది చూసి కొరికాను. ఉహూ! మూడోది, నాలుగోది. దవడలు లాగేస్తున్నాయి గాని పన్ను కదిలితే ఒట్టు. ఆ డాక్టరమ్మ పనితనం తగలెయ్య! ఐదోసారి గింజ మానేసి కింద రాయి వెతుకుతున్నాను.

“సారూ.”

బుదరి! నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎంతసేపటి నుంచి చూస్తోందో.

“ఏటి సేత్తన్నావు?”

“తడి... తడి చూస్తున్నాను.”

“రాయిలో తడేటి?”

చేతిలో గులకరాయి, నోట్లో గింజ పొట్టు. ఆవిడ నా మొహం చూసింది, నా పన్ను చూసింది, మళ్ళీ మొహం చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“అంబలి కావాలంటే అడగాల సారు. పన్ను ఇరగ్గొట్టుకుంటారేటి ఎవరైనా?”

తల దించుకున్నాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసు, కొండల్లోనే ఏడేళ్ళు. ఒక్క ఇంటి ముందైనా నిలబడి ఫలానాది పెట్టమని అడిగింది లేదు. అడగొచ్చని కూడా తట్టలేదండీ. రాయి కింద పడేసి, నోరు తుడుచుకుని, చిన్నపిల్లాడిలా అడిగాను.

“అంబలి ఉందా?”

ఆవిడ లోపలికి వెళ్ళింది. కుండ మూత తీసిన చప్పుడైంది. మళ్ళీ బయటికొచ్చింది, వట్టి చేతులతో.

“అయిపోనాది. రేపు రా.”

రేపు రా! నా సర్వీసంతా బల్లకి ఇవతల కూర్చుని ఎన్ని వందలమందికి ఆ మాట అన్నానో లెక్క లేదు. విన్నవాళ్ళందరూ మొహం వేలాడేసుకుని పోవడమే చూశాను. అదే మాట అనిపించుకుని, ఆ రాత్రే చొక్కా ఇస్త్రీ చేసుకుని పెట్టుకున్న గవర్నమెంటు ఉద్యోగి ఈ దేశం మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను!