తువ్వాల కింద బేరం

ఏకాంబరం చెట్టి ఏ బేరమూ నోటితో చెయ్యడు. తువ్వాల కిందే చేస్తాడు. తొండియార్‌పేటలో మిరపకాయల మండీ నడిపినన్నాళ్ళూ చేతుల మీద తువ్వాల కప్పి, అవతలివాడి వేళ్ళు పట్టుకునే ధర చెప్పాడు. ఒక వేలు పడితే ఒకటి, అరచెయ్యి మొత్తం పడితే అయిదు. పక్కవాడికి తెలియకూడదు, అంతే. మండీ మూతపడినా, కిడ్నీలు చెయ్యిచ్చినా తువ్వాల మాత్రం ఆయన్ని వదల్లేదు.

డయాలసిస్ సెంటర్లో ఫిజియోథెరపిస్టు శ్రుతి మంచం దగ్గరికి పెడల్ యంత్రం తోసుకొచ్చిందంటే, సూదులు లేని ఆయన చెయ్యి తువ్వాల కిందికి పోయేది.

“నోటితో చెప్పండి బాబాయ్ గారూ, ఎన్ని నిమిషాలు తొక్కుతారు?” ఏలూరు పిల్ల, ఈ బేరాలు ఆమెకు కొత్త.

“ఉష్! నలుగురిలో రేటు చెప్తారా పాపా? చెయ్యి పెట్టు ఈడ.”

ఆమె అరచెయ్యి అందిస్తే ఆయన రెండు వేళ్ళే పట్టుకునేవాడు.

పక్క మంచం అమ్మాసిది. చేపల గంప మోసిన కాళ్ళు పుల్లలయ్యాయి. ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. మెట్లు దిగలేని రోజున డయాలసిస్ లేదు, డయాలసిస్ లేకపోతే అమ్మాసి లేదు. రక్తం కడిగించే పథకాలున్నాయి గాని, ఆ మనిషి మెట్లెలా దిగుతుందని అడిగే నాథుడు లేడు. “ఇంక రాను పాపా, విడిచిపెట్టు” అనడం కూడా మొదలుపెట్టిందామె.

యంత్రం ముందు అమ్మాసికి, తర్వాత చెట్టికి. ఆమె మూడు నిమిషాలు తొక్కితే ఈయన రెండే. ఆమె అయిదుకు ఎక్కితే ఈయన నాలుగు. ఎప్పుడూ ఒక్క నిమిషం తక్కువ, అరుపులు మాత్రం వందరెట్లు ఎక్కువ.

“అయ్యయ్యో మోకాలు! సంపేస్తా ఉండారు!”

“సిగ్గులేదా సెట్టీ? నాకన్నా తక్కువ తొక్కితివే!” అమ్మాసి బోసినోటితో నవ్వేది.

“నువ్వు గంప మోసినదానివి అక్కా. నేను సుమ్మా, ఊరికే గల్లాపెట్టె ముందర కూసున్నోణ్ణి.”

శ్రుతికి ఒళ్ళు మండేది. సొంత కాళ్ళ దగ్గర కూడానా ఈ పిసినారితనం!

ఒకనాడు కుండపోత వాన. అమ్మాసి రాలేదు. ఇక రాదేమోనని శ్రుతి రెండుసార్లు తలుపు దాకా వెళ్ళొచ్చింది. యంత్రం ముందుగా చెట్టికే పెట్టింది. తువ్వాల కింద ఆయన ఆమె అరచెయ్యి మొత్తం పట్టుకున్నాడు. వదిలి మళ్ళీ పట్టుకున్నాడు. ఇంకోసారీ.

“పదిహేనా!”

“ఉష్.”

మూలుగు లేదు, మోకాలు ఊసు లేదు. తలుపు వైపే చూస్తూ తొక్కుతూనే ఉన్నాడు. ఇంతలో తలుపు తెరుచుకుంది. తడిసిన చీరతో, గోడ పట్టుకుని, అమ్మాసి. ఆటో దొరక్క ఆలస్యమట. మెట్లు మాత్రం తనే దిగిందట.

పెడల్ టక్కున ఆగింది.

“అయ్యయ్యో మోకాలు! రెండు నిమిషాలకే పాణం పోయె! ఇది ఆమెకిచ్చెయ్ పాపా!”

శ్రుతి యంత్రం మీది నిమిషాల లెక్క చెరిపేసి, దాన్ని అమ్మాసి మంచం దగ్గరికి తోసింది.

నర్సు సూదులు గుచ్చి, బీపీ చూశాక, శ్రుతి పెడల్ పట్టీలు బిగిస్తుంటే, అమ్మాసి ఆమెను ఇంకా దగ్గరికి రమ్మని సైగ చేసింది.

“ఆయన నాటకం నాకు ఎప్పుడో తెలుసు. ఆయనకి చెప్పబాక.”

“తెలిసీ ఎందుకు మామ్మా, మరి?”

“నేను తగ్గిస్తే ఆ ముసిలోడు ఇంకా తగ్గిస్తాడు గదా? ఆయన కాళ్ళు ఏం గావాల?”

అని, చేతి మీద కొంగు కప్పుకుని, శ్రుతి అరచెయ్యి మొత్తం పట్టుకుంది. వదిలి, ఇంకో రెండు వేళ్ళు.