రాహేలమ్మ నిలబడి గెలికిన సంగటి

2022 ఎండాకాలం. తుమ్మలపల్లె యురేనియం గనికి పోయే దారిలో ఒక పల్లె. నేను కడపలో వంటగదులు డిజైన్ చేస్తాను. సొంతూరు కర్నూలు. సివిల్ ఇంజినీరింగ్ తర్వాత ఇంటీరియర్ కోర్సు చేశాను. నాకు వచ్చే పనుల్లో ఎక్కువ అపార్ట్‌మెంట్ల మాడ్యులర్ కిచెన్లు. అంటే ఫ్యాక్టరీలో తయారైన అరలు తెచ్చి గోడకు బిగించడం. ఈ పల్లె నుంచి వచ్చిన ఫోను అలాంటిది కాదు.

"అన్నా, మాయమ్మకు ట్రాపికల్ స్టైల్లో వంటిల్లు కట్టల్ల. మీరు చేస్తారా?" అని అడిగింది ఎస్తేరు. పులివెందులలో టీచరు.

ఆమె తల్లి రాహేలమ్మ ఇంటి ముందు రేకుల పందిరి వేసి, గని పనివాళ్లకూ లారీ డ్రైవర్లకూ మధ్యాహ్నం రాగి సంగటి పెట్టేది. ఆ దారిలో ఆమె సంగటికి పేరుంది. ఆ ఏడాది మోకాలి ఆపరేషన్ అయింది. నడక బాగుపడింది గానీ, ఇక జన్మలో నేల మీద కూర్చోకూడదని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. సంగటి పొయ్యి మీద ఉడుకుతుంది, కానీ తయారయ్యేది నేల మీద. గిన్నె కిందికి దించి, గోనెపట్ట అడ్డం పెట్టి పాదాలతో అదిమిపట్టి, కట్టెతో బలంగా గెలకాలి. అది సరిగా జరగకపోతే పిండి ఉండలు కడుతుంది. నలభై ఏళ్లుగా రాహేలమ్మ అలాగే చేసింది. ఇప్పుడు పందిరి కింద బెంచీలు ఖాళీగా ఉన్నాయి.

"ఎవురినన్నా పనికి పెట్టుకుందాం అంటే వినదు. మిషను తెస్తానంటే నామింద కోపం," అంది ఎస్తేరు, నేను ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు.

"నా సంగటి అని వాళ్లు వస్తాండారు. ఇంగొకరు గెలికింది నా పేరుతో ఎట్ల పెట్టల్ల?" అంది రాహేలమ్మ కుర్చీలోంచి. "ఏమప్పా, నిలబడుకోని గెలికే వంటిల్లు కట్టడం నీకొచ్చునా? వస్తే కట్టు. రాకుంటే కాఫీ తాగిపో."

వచ్చునని అన్నాను. ముందు కాఫీ కూడా తాగాను.

ఎస్తేరు ఫోనులో ఫొటోలు చూపించింది. వెదురు తలుపుల అరలు, చెక్క గట్టు, ఒక పక్క గోడే లేకుండా తోటలోకి తెరుచుకున్న వంటగది, వెడల్పాటి ఆకుల మొక్కలు. చూడ్డానికి బాగున్నాయి. నా అభ్యంతరాలు వరసగా చెప్పాను. ఒకటి, ఆ వంటగదులు తేమ ఉన్న సముద్రతీరాలవి. మన పొడిగాలికి ఆ చెక్క పగుళ్లిస్తుంది, మిగిలింది చెదలు తింటాయి. రెండు, గోడ తీసేస్తే మేలో వడగాలి నేరుగా లోపలికొస్తుంది, గ్యాసు మంట నిలవదు. మూడు, ఆ మొక్కలు ఇక్కడి ఉప్పునీళ్లకు బతకవు.

ఆమె ఓపికగా విని, లోపలి పాత వంటింటి తలుపు తెరిచింది. ఒక్కటే చిన్న కిటికీ. గోడలు పైదాకా నల్లగా మసి పట్టి ఉన్నాయి.

"మాయమ్మ ఇన్నేండ్లూ ఈ గోడను చూసుకుంటా వండింది అన్నా. ఇంగనన్నా తలెత్తితే పచ్చగా ఏదో ఒకటి కనపడల్ల. పేరు ట్రాపికల్ కాకున్నా ఫరవాలేదు."

ఆ మాటతో నాకు పని అర్థమైంది. ఫొటోలో ఉన్న వస్తువులు వదిలేసి, వాటి వెనకున్న మూడు సంగతులు తీసుకున్నాను: నీడ, గాలి, పచ్చదనం. నీడ కోసం కప్పును గోడ దాటి బాగా ముందుకు పొడిగించాం. గాలికి క్రాస్ వెంటిలేషన్, అంటే ఒక వైపు వచ్చిన గాలి ఎదుటి వైపు పోయే ఏర్పాటు. ఉత్తరం, దక్షిణం గోడల్లో మట్టి జాలీలు, అంటే చిల్లులున్న కాల్చిన ఇటుకలు, కట్టించాను. పొయ్యి ఎత్తులో మాత్రం జాలీ ఆపి గట్టి గోడ పెట్టాం. దాంతో మంటకు గాలి తగలదు, మనిషి మొహానికి తగులుతుంది. పడమటి గోడకు కిటికీ లేదు, వడగాలి అటునుంచే. అరలకు చెక్క బదులు కడప బండలు. నేలకు నునుపు పట్టని గరుకు బండ, ఎందుకంటే ఆపరేషన్ అయిన మోకాలు జారకూడదు. గిన్నెలు కడిగిన నీళ్లు గులకరాళ్ల గుంతలో వడగట్టుకుని, పెద్ద కిటికీ బయట నాటిన, ఇక్కడి నీళ్లకు అలవాటైన రెండు అరటి పిలకలకు పోతాయి. కిటికీ గట్టు మీద కుండీల్లో వామాకు, కలబంద.

అసలు కష్టం గట్టు ఎత్తు. మేం మామూలుగా వేసేది ఎనిమిది వందల యాభై మిల్లీమీటర్లు, నడుము దగ్గరికి వస్తుంది. దాని మీద సంగటి గిన్నె పెడితే అంచు ఛాతీకి తగులుతుంది, గెలకడానికి బలం రాదు. అందుకని పొయ్యి గట్టు పక్కనే గెలకడానికి వేరే తక్కువ గట్టు కావాలి. మాక్-అప్ చేశాను. అంటే సిమెంటు లేకుండా ఇటుకలు పేర్చి ముందుగా చూసుకోవడం. గిన్నె నిండా తడి ఇసుక పోశాం. రాహేలమ్మ కట్టె తిప్పుతుంటే నేను ఇటుక వరస ఒకటి తీస్తూ, మళ్లీ పెడుతూ ఉన్నాను.

ఓబులేసు అనే లారీ డ్రైవరు, ఆమెకు పాత గిరాకీ, గేటు దగ్గర ఆగి చూశాడు. "ఏమక్కా, ఈపొద్దు ఇసక సంగటా?"

"నీకు రెండు ముద్దలు పక్కన పెట్నాలే, కూకో."

"ఊరిబిండి పచ్చడి ఉండాదా దాంట్లోకి?"

"సున్నం ఉండాది, కలుపుకోని తిను!"

మోకాలికి కొంచెం పైన ఎత్తు కుదిరింది. కానీ కట్టెతో పాటు గిన్నె కూడా తిరిగిపోతోంది. ఇన్నాళ్లూ పాదాలు చేసిన పని ఇప్పుడు రాయి చేయాలి. బండలో గిన్నె అడుగు పట్టేంత గుండ్రటి పల్లం తొలిపించి, గిన్నె చెవులు ఆనేలా రెండు పొడవాటి ఇనుప కడ్డీలు దిగ్గొట్టించాను. గిన్నె కదలలేదు.

వంటిల్లు పూర్తయ్యాక పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. చర్చివాళ్లు, గనివాళ్లు పందిరి కింద కూర్చున్నారు. మొదటి వంట సంగటే. రాహేలమ్మ నిలబడి గెలికింది. చెమటలు పట్టేదాకా గెలికింది. ముద్దలు వడ్డించారు. ఓబులేసు ముద్ద విరిచి, లోపల వేలు పెట్టి చూశాడు.

"అక్కా, ఇది సంగటా, గులకరాళ్ల బస్తానా?"

ఎవరో నవ్వారు. ఎస్తేరు నవ్వలేదు, నేనూ నవ్వలేదు. చర్చి నుంచి వచ్చిన ఒకావిడ మెల్లగా, "కిందికి దించి నాలుగు తిప్పులు తిప్పితే సరిపోతాది గదా రాహేలమ్మా, ఒక్కసారికి ఏం కాదులే," అంది. గిన్నెలో ఇంకా సగం ఉంది. రాహేలమ్మ నేల వైపు చూసింది. ఎస్తేరు తల్లి చెయ్యి పట్టుకుంది.

నేను ముందుకెళ్లి, "అమ్మా, గట్టు పగలగొట్టి ఇంకా కిందికి దించుతాను. ఖర్చు నాది," అన్నాను.

"ఊరకుండప్పా." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ గట్టుకేమీ కాలేదు. ఇది నలభై ఏండ్లు కూకోని గెలికిన చెయ్యి. దానికిది కొత్త బడి. మొదటి దినమే పాసవుతాదా?" తర్వాత బెంచీల వైపు తిరిగి గట్టిగా చెప్పింది. "తినేవాళ్లు తినండి. తినలేనోళ్లు అన్నం తినండి. ఓబులేసూ, గులకరాళ్లు ఏరి పక్కన పెట్టు, గోడకు పనికొస్తాయి."

ఓబులేసు ఆ ముద్ద పూర్తిగా తిన్నాడు.

ఆ తర్వాత ఎస్తేరు అప్పుడప్పుడూ ఫోను చేసి సంగతులు చెప్పేది. అమ్మ రోజూ చిన్న గిన్నెలో ఇంటికి సరిపడా గెలుకుతోందట. మణికట్టుతో తిప్పితే బలం చాలడం లేదని కనిపెట్టి, ఒక కాలు వెనక్కి వేసి ఒళ్లంతా ముందుకు వాల్చి చూస్తోందట. ఉండలు వచ్చిన రోజు ఆ సంగటి తనే తింటోందట, ఇంకెవరికీ పెట్టకుండా. "మాకు అన్నం వండుతాది. అది మాత్రం తానే తింటాది, శిక్ష మాదిరి," అని నవ్వేది ఎస్తేరు.

వానలు తగ్గాక ఒక జాలీ ముక్క మార్చడానికి వెళ్లాను. పందిరి కింద బెంచీలు నిండుగా ఉన్నాయి. వంటింటి గుమ్మంలో ఆగిపోయాను. రాహేలమ్మ నన్ను చూడలేదు. వెనక కాలు గరుకు బండ మీద గట్టిగా ఆనింది. కట్టె ఆమె భుజంతో, నడుముతో కలిసి తిరుగుతోంది. గిన్నె కదలడం లేదు. కిటికీలో అరటి ఆకు ఒకటి పూర్తిగా విచ్చుకుని గాలికి ఊగుతోంది. ఆమె మధ్యలో తలెత్తి దాన్ని చూసి మళ్లీ గెలకడంలో పడింది.

బయట ఓబులేసు ముద్దలో వేలితో వెతుకుతున్నాడు.

"ఏమప్పా, దొరికినాయా?" అని అడిగాను.

"ఒక్కటీ లేదు సార్. ఆ యమ్మను ఎక్కిరించేకి ఏమీ మిగిలీలేదు."

అప్పటివరకు వంటగదిని మనిషి కొలతకు తగ్గట్టు కట్టడమే నా పని అనుకునేవాణ్ని. అందులో తప్పేమీ లేదు, ఇప్పటికీ టేపు పట్టుకునే వెళతాను. కానీ గట్టు నేను కట్టినా, దాని మీద సంగటి నిలిపింది రాహేలమ్మ. ఆ రోజు ఆమె నన్ను ఆపకపోయి ఉంటే, మంచి గట్టును పగలగొట్టేవాణ్ని. ఇప్పుడు కొత్త వంటగది అప్పజెప్పాక, నచ్చలేదని ఎవరైనా వెంటనే ఫోను చేస్తే సుత్తి తీసుకుని పరిగెత్తను. కొన్నాళ్లు అందులో వండమంటాను. ఆ తర్వాత వెళ్లి, ముందు వాళ్ల చేతిని చూస్తాను, ఆ తర్వాతే గట్టును.